మోకాళ్ళ సామి

పొద్దున్న ఏడయ్యేసరికి రత్నావతి వాకిట్లో గోనెపట్టా పరుచుకుని, కాళ్ళు బారజాపి, కొబ్బరాకు చీరడం మొదలెడుతుంది. ఎడంచేత్తో ఆకు కొన పట్టుకోవడం, కుడిచేతి కత్తితో ఒక్క లాగు లాగడం. పచ్చటి రెబ్బలు అటొకటి ఇటొకటి రాలిపోతాయి, మధ్యలో తడితడిగా ఈనె మిగులుతుంది. చూస్తే ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. మీరో నేనో కూచుంటే మొదటి ఆకుకే వేలు తెగుతుంది. ఆవిడ మాత్రం ఆకు వైపు చూడనే చూడదు. రోడ్డు మీద మోటారుసైకిళ్ళ మీద పోయేవాళ్ళని పేరుపేరునా పలకరిస్తూ, పెళ్ళెప్పుడు, పిల్లలెందరు అని ఆరాలు తీస్తూ, మధ్యాహ్నానికి ఒళ్ళో రెండు చీపుళ్ళకి సరిపడా ఈనెలు పోగేస్తుంది. బాగన్ దాతుక్ ఊరి చుట్టుపక్కల ఏ గుడి వాకిలికెళ్ళినా, ఏ కాఫీ కొట్టుకెళ్ళినా, మూల నిలబడున్నది రత్నావతి కట్టిన చీపురే.

కత్తి పట్టకముందు ఆవిడకి ఇంకో పనుంది. తలుపు పక్క గోడకి మోకాళ్ళ సామి ఉన్నాడు. ఆయన పాదాల దగ్గర ఒక మందారం పెట్టి, ఆయన రెండు చేతుల్లో ఉన్న ఈనెల మీద గాట్లు లెక్కపెడుతుంది. మనం క్యాలెండరు చూసుకోమూ, చేపలవాళ్ళు ఆటుపోటు చూసుకోరూ, అలాగే. ఒక ఈనె మీద ఇరవయ్యైదు గాట్లు. అది ఆవిడది. రెండో ఈనె మీద ఒక్కటి. అది కూతురు నంతినిది.

ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఒకటి ఒకటే కదా. అయినా లెక్కపెడుతుంది.

"ఇంకా ఒకటేనా అక్కా?" అంది ఆ వేళ కంచె అవతలి నుంచి పక్కింటి విజయలెచ్చుమి, తడిబట్టలు ఆరేస్తూ.

"ఒకటేనే."

"ఉగాదికి పదకొండ్రోజులు కదా ఇంక?"

"పదకొండే."

విజయలెచ్చుమి ఒక లుంగీ దులిపి తీగ మీద వేసింది. "మా ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీలు ఇరవై ఉన్నాయి. టెంటు మా తమ్ముడేస్తాడు. నువ్వేటీ ఎతుక్కోకు లా" అంది, ఆ ఊరివాళ్ళు మాట చివర తగిలించే 'లా' తగిలించి.

"మంచిదానివే" అంది రత్నావతి.

ఈ సామి ఇంటికెలా వచ్చాడో చెప్పాలి. రత్నావతి మొగుడు దాసు లోరీ తోలేవాడు. నంతినికి ఐదేళ్ళప్పుడు, క్లాంగ్‌లో ఒక పెద్ద హోటల్ మూతపడింది. గోడల నిండా ఈజిప్టు రాజులూ, పిల్లులూ, పక్షితలల దేవుళ్ళూ చెక్కించుకుని కట్టిన హోటల్ అది. ఆ శిథిలాలన్నీ ఎత్తి పారబోసే పని దాసు లోరీకి తగిలింది. దాసు అన్నీ పారబోశాడు గానీ ఒక్క పలకని పారబొయ్యలేకపోయాడు. తలుపు రెక్కంత ఉంటుంది పలక. దాని మీద గడ్డం ఉన్న ఒకాయన మోకాలు దన్నుకుని కూచున్నాడు. చెరో చేత్తో ఒక తాటిజాతి ఈనె నిలువుగా పట్టుకున్నాడు, తల మీద మూడోది పెట్టుకున్నాడు. చేతుల్లో ఉన్న ఈనెల మొదట్లో చెరొక తాడు ఉంగరం, ఉంగరం మీద కూచున్న ఒక తోకకప్ప. మోచేతికి వేలాడుతూ పైన కన్నమున్న సిలువలాంటిదేదో.

"మనోడే! సూడు, మన లాగే మట్టలు నరుక్కునే సామి. పని సేసి సేసి మోకాళ్ళ మీద కూలబడినాడు పాపం. మోచేతికి ఆ సీసా మూత తీసే ముక్క సూడు, కల్లు కూడా తాగుతాడు!" అని దాసు మురిసిపోయి, సిమెంటు కలిపి గోడకి అతికించేశాడు. విభూది పెట్టాడు, కొబ్బరికాయ కొట్టాడు, ప్రతి ఆదివారం ఒక గ్లాసు కల్లు పెట్టేవాడు. గ్లాసు సాయంత్రానికి ఖాళీ అయ్యేదంటే అది సామి మహిమో దాసు మహిమో నేను చెప్పను.

చాలా ఏళ్ళ తర్వాత వ్యాను తోలే వసంతన్ ఫోనులో ఆ బొమ్మ వెతికి పట్టుకున్నాడు. "ఇది పాతకాలం ఈజిప్టు దేవుడు మామా. పేరు హెహ్. చేతిలోది ఏళ్ళు లెక్కెట్టే ఈనె. గాటుకొక ఏడు. ఆ తోకకప్ప అంటే లక్ష అంట. ఆ సిలువలాంటిది ప్రాణమంట. రాజుగారికి లక్షలేళ్ళు బతుకియ్యమని చెక్కించుకునేవారంట."

"లక్షేళ్ళు బతికి ఏటి సేత్తాడు, మట్టలు నరుకుతాడా?" అని దాసు నవ్వాడు.

గాట్ల సంగతి ఇంట్లో వాళ్ళకి వసంతన్ చెప్పాలా ఏంటి, అప్పటికే తెలుసు. పలక వచ్చినప్పుడు ఈనెలు మూడూ నున్నగా ఉండేవి. మొదటి ఉగాది పొద్దున్న చూస్తే గాట్లు పడున్నాయి. తల మీద దానికి పదిహేను, ఒక చేతి దానికి నలభయ్యైదు, ఇంకో చేతి దానికి ఇరవయ్యొకటి. ఆ పైన ఏటా ఉగాదికి ప్రతి ఈనె మీదా ఒక గాటు పూడిపోయేది. ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఆ ఊరి తెలుగువాళ్ళ తాతలు విశాఖపట్నం నుంచి ఓడలో వచ్చి ఈ పరాయి దేశంలో దిగినప్పుడు, తిరిగి ఊరెళ్ళడానికి ఇంకెన్నేళ్ళని ఈనె మీద గాట్లేసి చూసుకునేవారట. ఊరెళ్ళినవాడు ఒక్కడూ లేడనుకోండి. తాతలు చేసిన పనే సామి చేస్తున్నాడు, అంతే.

ఎవరిది ఏ ఈనె అన్నది మాత్రం ఆ తర్వాత పదిహేనో ఉగాది నాడు తేలింది. తల మీది ఈనె నున్నగా అయిపోయింది. దాసు పొద్దున్నే స్నానం చేసి, ఉగాది పచ్చడి రెండుసార్లు అడిగి తిని, "వేపపువ్వు బాగా పడింది" అని గోడకి ఆనుకుని, అలాగే పోయాడు.

అది జరిగి ఆరేళ్ళు. మిగిలిన రెండు ఈనెల్లో పెద్ద గాట్ల వరస ఎవరిదో, చిన్నది ఎవరిదో అన్న అనుమానం కూడా మూడేళ్ళ కిందట తీరిపోయింది. నంతినికి కాళ్ళు వాచాయి, మొహం వాచింది, మూత్రపిండాలు రెండూ పోయాయన్నారు తెలుక్ ఇంటాన్ ఆసుపత్రిలో. అప్పట్నుంచీ సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్నే వసంతన్ వ్యాను. నాలుగ్గంటలు చేతిలో రెండు సూదులు. రక్తం బయటికెళ్ళి కడుక్కుని లోపలికి రావడం. రోజుకి అరలీటరు నీళ్ళు, అందులోనే కాఫీ, అందులోనే చారు. మార్చి ఎండల్లో ఆ పిల్ల ఒక మంచుముక్క బుగ్గన పెట్టుకుని అరగంట కరిగించుకుంటూ కూచుంటే రత్నావతి తనకు దాహమేసినా ఆ పిల్ల ముందు నీళ్ళు తాగేది కాదు, వెనక్కెళ్ళి తాగేది.

తన మూత్రపిండం ఒకటి ఇస్తానని ఎంత బతిమాలిందో. "నీకు చక్కెర ఉందమ్మా, కుదరదు" అన్నారు డాక్టరు. చక్కెర ఉన్న మనిషికి ఇరవయ్యైదు గాట్లు, టీలో చక్కెర కూడా వేసుకోని పిల్లకి ఒకటి. ఇదేం న్యాయం అని ఆవిడ సామిని అడిగింది. సామి ఎప్పట్లాగే పక్కకి చూస్తున్నాడు. ఈజిప్టు బొమ్మలన్నీ పక్కకే చూస్తాయి కదా, ఎవరి కళ్ళలోకీ చూడవు.

కత్తి పుచ్చుకుని నంతిని ఈనె మీద తనే ఒక గాటు పెట్టింది ఒకసారి. అన్నం ఉడికేలోపు పూడిపోయింది. ఐదు పెట్టింది. ఐదూ పూడాయి. గుడి పూజారి వేలాయుధాన్ని తీసుకొచ్చి చూపించింది. ఆయన కళ్ళజోడు పైకెత్తి, కిందకి దించి, పలక చుట్టూ చూసి, "ముడియాదు అమ్మా, నా వల్ల కాదు. నేను మంత్రం చదివేది మన సాములకి. ఈయనకి ఏ భాష వచ్చో ఎవరికి తెలుసు లా" అని, ఇచ్చిన కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

ఇంత జరుగుతున్నా నంతిని మాత్రం నిమ్మళంగా ఉండేది. అదే రత్నావతికి కడుపుకోత. ఆ చిన్న వరస తనదేనని ఎవరూ చెప్పకముందే అనుకుందేమో, చిన్నప్పుడు బళ్ళో టీచరు పెద్దయ్యాక ఏమవుతావంటే "ఇరవయ్యారు దాకా ఏదైనా అవుతాను" అందట. ఇప్పుడు ఇరవయ్యారు. కుట్టుమిషను విజయలెచ్చుమికి ఇచ్చేసింది. మంచి చీరలు నాలుగూ మడతపెట్టి ఎవరికేదో చీటీలు గుచ్చింది.

"ఆ ఎర్రది ఉంచుకోవే, ఉగాదికి కడుదువు" అంది రత్నావతి.

"ఉగాదికే తీసి ఉంచినాను. ఇంకెప్పుడు కడతాను?"

"అలాగనకే గుంటా."

"అమ్మా, నువ్వు బెంగెట్టుకోకు. మొదట్లో నాకూ భయమేసేది. కుర్చీలో కూచుని ఆ ఎర్ర గొట్టాలు సూసి ఏడ్సేదాన్ని. ఇప్పుడు నేదు. ప్రతి సూదికీ ఇంకా ఇన్నే, ఇంకా ఇన్నే అనుకుంటాను. ఇంక ఐదు. నా కుర్చీ కోసం బయట ఒక ముసలాయన ఎదురుసూత్తున్నాడు తెలుసా. రోజూ నన్ను సూసి నవ్వుతాడు. పాపం, ఆయనకి తెలీదు, నేనే ఆయనకి దారి."

రత్నావతి చీరిన ఈనెలు పక్కకి తోసింది. కత్తి తీసుకుని ఇంకో ఆకు చీరింది.

ఉగాది గురువారం వచ్చింది. బుధవారం పొద్దున్న పదయ్యేసరికి, విజయలెచ్చుమి తమ్ముడు టెంటు వేసేశాడు, ఇరవై కుర్చీలూ ఒకదానిలో ఒకటి పేర్చి పెట్టాడు. నంతిని తెలుక్ ఇంటాన్ కుర్చీలో ఉంది. రత్నావతికి చెయ్యడానికి పనేం లేక, చేతులు ఊరుకోక, ఎండిన ఈనెలు తెచ్చుకుని చీపురు కట్టడం మొదలెట్టింది.

చీపురు కట్టడంలో ఒక పద్ధతుంది. ఈనెలన్నీ ఒకే పొడుగు ఉండవు. విరిగినవీ, పొట్టివీ వస్తాయి. వాటిని పారెయ్యరు. పొట్టి ఈనెని పొడుగు ఈనె పక్కన నడిమధ్యలో దోపి, మొదళ్ళు నేలకేసి టకటకా కొట్టి సమం చేసి, పైన కట్టు బిగిస్తారు. బిగిశాక ఏది పొట్టి ఏది పొడుగు అని ఆ కట్టినావిడ కూడా చెప్పలేదు. పొట్టి ఈనె ఒక్కటీ ఉంటే చీమని తుడవలేదు. కట్టలో పడితే వీధంతా తుడుస్తుంది.

ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న పనే. ఒక విరిగిన ఈనెని మధ్యలో దోపబోతూ రత్నావతి చెయ్యి ఆగిపోయింది.

లేచి గోడ దగ్గరికెళ్ళింది. ముందు తన ఈనె మొదట్లో కత్తిమొన పెట్టి మెల్లిగా పైకి లేపింది. పలక సున్నంది కదా, పెళ్ళగా రావాలి. అబ్బే, పచ్చి ఆకులోంచి వచ్చినట్టు తడితడిగా, వంగుతూ వచ్చింది. గుండె ఒక్కసారి తడబడి మళ్ళీ సర్దుకుంది. తనకేం కాలేదు. రెండోది తియ్యడానికి మాత్రం చెయ్యి రాలేదు. తీస్తే అక్కడ కుర్చీలో పిల్లకి ఏమవుతుందో. తియ్యకపోతే రేపు ఏమవుతుందో తెలుసు. కళ్ళు మూసుకుని లాగేసింది.

అక్కడ కుర్చీలో నంతిని పదకొండు గంటలవేళ నిద్రలో ఉలిక్కిపడి లేచి నీళ్ళడిగిందని వసంతన్ తర్వాత చెప్పాడు.

రెండు ఈనెల్నీ పక్కపక్కన పెట్టి, చుట్టూ మామూలు ఈనెలు వంద చేర్చి, నేలకేసి టకటకా కొట్టింది. కట్టడానికి తీగ కోసం చూసింది. సామి ఈనెల కింద తాడు ఉంగరాలున్నాయి కదా, చీపురు కట్టేవాళ్ళకి ఉంగరమే కట్టు. ఒకటి లాగి తొడిగింది. బిగిసి కూచుంది. ఉంగరం మీదున్న తోకకప్ప కింద పడి, తుళ్ళి తుళ్ళి, వాకిటి ముందు కాలవలోకి జారి, అక్కడున్న వందల తోకకప్పల్లో కలిసిపోయింది.

చీపురు తలుపు వెనక పెట్టి రత్నావతి చింతపండు నానబెట్టింది.

ఉగాది పొద్దున్న నంతిని ఎర్రచీర కట్టుకుని కుర్చీలో కూచుంది. ఎనిమిదిన్నరకి వేలాయుధం వచ్చాడు. విజయలెచ్చుమి పసుపు, పూలు, ఇంకేం కావాలో అవన్నీ ఒక సంచిలో పెట్టుకుని వచ్చి, సంచి కనపడకుండా కుర్చీ కింద తోసింది. వసంతన్ సెలవు పెట్టుకుని వచ్చాడు. అందరూ పచ్చడి తిన్నారు. అందరూ నంతినిని చూడకుండా చూశారు.

తొమ్మిదయింది. పదయింది. దాసు ఈ వేళకే పోయాడు. పదకొండయింది. కాకులు వచ్చి కుర్చీల మీద వాలాయి. పులిహోర చల్లారిపోతోందని విజయలెచ్చుమి విస్తళ్ళు వేసింది. తింటే తప్పేమో అని మొదట మొహమాటపడ్డారు గానీ ఆకలి ఎవరికాగుతుంది. రెండోసారి కూడా వడ్డించుకున్నారు. రెండు గంటలకి వేలాయుధం గడియారం చూసుకుని, "మరి గుడి తియ్యాలి" అని లేచాడు. కుర్చీలు ఒకదానిలో ఒకటి పేర్చుకుంటూ ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. వెళ్ళేవాళ్ళలో ఒక్కరూ ఏం జరిగిందని అడగలేదు. విజయలెచ్చుమి సంచి తీసుకుని, రత్నావతి భుజం ఒకసారి నొక్కి వెళ్ళింది.

అప్పుడు నంతిని లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. సామి రెండు చేతులూ ముందుకు చాచి ఉన్నాడు. చేతుల్లో ఏమీ లేదు. అలా చూస్తే అడుక్కుంటున్నట్టున్నాడు. ఆ పిల్ల చీపుళ్ళామె కూతురు కదా, వెతకాల్సింది ఎక్కడో తెలీదా. తిన్నగా తలుపు వెనక్కి వెళ్ళి చీపురు తీసి, ఈనెలు విడదీసి లోపలికి చూసింది. ఒకదాని మీద పన్నెండు. పక్కదాని మీద పన్నెండు. ఇద్దరివీ కలిపితే ఇరవయ్యారు, సగానికి పదమూడు, ఇవాళ్టి ఉగాది చెరొకటి తీసుకుంది.

రత్నావతి మొహం వెలిగిపోతోంది. ఎన్నో ఏళ్ళ తర్వాత వెలిగిన మొహం. "సూసినావా? పన్నెండే అమ్మా! పన్నెండేళ్ళు!"

నంతిని రెండు ఈనెల్నీ మళ్ళీ ఒకసారి లెక్కపెట్టింది.

"ఎవర్నడిగి సేసినావమ్మా?"

"అడగడమేటే? కన్నతల్లినే, అడగాలేటి?"

"పన్నెండేళ్ళు. వారానికి మూడు. చెయ్యికి రెండు సూదులు. అరలీటరు నీళ్ళు." పిల్ల గొంతు పెంచలేదు. ధర చదువుతున్నట్టు చదివింది. "ఇంక ఇన్నే, ఇంక ఇన్నే అనుకుని నేను నిన్నటితో ముగించుకున్నానమ్మా. నాకు భయం పోయింది. ఎంత కష్టపడితే పోయిందో నీకు తెలుసా? ఇప్పుడు మళ్ళీ మొదట్నుంచీ భయపడాల."

రత్నావతి ఏళ్ళ గురించి ఆలోచించింది గానీ, ఆ ఏళ్ళలో ఏముంటుందో ఆవిడకి తట్టనే లేదు. చీపురు కట్టడమే తెలుసు. ఆ చీపురుతో ఏ వాకిలి తుడుస్తారో ఎప్పుడూ అడగలేదు.

"నేనూ ఉంటాను కదే" అంది చివరికి. "నీతోనే ఉంటాను. నీతోనే వచ్చేస్తాను, ఒకేరోజు."

"అదో వరమేటి? నీకు ఇరవయ్యైదు ఉండేవి. అవి తగ్గించుకున్న పాపం కూడా నా నెత్తినే ఎట్టినావు." నంతిని ఉంగరం కిందకి లాగి చూసింది. కదల్లేదు. పళ్ళతో పట్టి లాగింది. కదల్లేదు. "ఆ ముసలాయన రేపు కూడా బయటే కూచుంటాడు. నన్ను సూసి నవ్వుతాడు" అంది. అప్పుడు ఏడ్చింది.

శుక్రవారం పొద్దున్న రత్నావతి గోనెపట్టా పరుచుకునేసరికి నంతిని ముందే లేచి ఉంది. వాకిలంతా ఉగాది చెత్త, విస్తరి ముక్కలు, మామిడాకులు, టెంటు తాళ్ళు. పిల్ల తలుపు వెనకెళ్ళి చీపురు తీసుకుని తుడవడం మొదలెట్టింది. మామూలు చీపురు కాదు, ఆ చీపురు.

"వద్దే!" అని రత్నావతి సగం లేచింది. "అది పెట్టే, తల్లీ, అరిగిపోద్ది!"

నంతిని తలెత్తలేదు. "చీపురు మరెందుకమ్మా ఉన్నది?"

సిమెంటు మీద ఈనెలు గీసుకుంటున్న చప్పుడు. ఒక వైపు నుంచి ఇంకో వైపుకి, పద్ధతిగా, మూలమూలలా. సామి గోడ మీద నుంచి ఖాళీ చేతులతో పక్కకి చూస్తున్నాడు. కాలవలో తోకకప్పలు నల్లగా కదులుతున్నాయి. వాటిలో లక్షది ఏదో ఎవరికి తెలుసు. చెత్తంతా ఒక కుప్ప చేసి, నంతిని చీపురు తలుపు వెనక పెట్టింది. వసంతన్ వ్యాను హారన్ కొట్టాడు. ఆ పిల్ల గిన్నెలోంచి ఒక మంచుముక్క తీసి బుగ్గన పెట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళి వ్యాను ఎక్కింది.

రత్నావతికి తలుపు వెనకకెళ్ళి లెక్కపెట్టాలనిపించింది. వెళ్ళలేదు. గోనెపట్టా మీద కూచుని కత్తి తీసుకుని, ఒక ఆకు కొన పట్టుకుంది. పనిలో దిగిన ముప్ఫై ఏళ్ళలో మొట్టమొదటిసారి, ఎలా చీరాలో కొత్తగా నేర్చుకుంటున్న దానిలాగ, ఆకు వైపు చూస్తూ కత్తి లాగింది.

మొదటి ఆకుకే వేలు తెగింది.